మగపక్షి దిగని గంట

లెయ్యి. లేచి ఒక్క అడుగు బయట పెట్టు, నీకు పుణ్యముంటుంది, ఒక్కటంటే ఒక్క అడుగు. పెద్ద చెట్టు వేరు వెనక గొంతుక్కూర్చుని, చేతిలో ఫోను సిద్ధంగా పట్టుకుని, ఆమె నలభై అడుగుల అవతల వెదురు తడికల మాటులో కూర్చున్న మనిషిని మనసులోనే బతిమాలుకుంటోంది. బతిమాలడమంటే మొక్కడం కాదు, తిట్టడంలో అదొక రకం. ఎనిమిదీ ఇరవై అయింది. వాన వెలిసిందన్న మాటే గానీ ఆకుల మీంచి చినుకులు ఇంకా రాలుతూనే ఉన్నాయి, మెడ మీద ఒకటి, మణికట్టు మీద ఒకటి, ఫోను అద్దం మీద ఒకటి. అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పైకెత్తింది. తెర మీద మాటు కిటికీ, కిటికీలో చేంతాడు చుట్టినంత లావు కెమెరా గొట్టం, దాని వెనక ఆకుపచ్చ చొక్కా. కదలడు. నీళ్ళ సీసా దారిలో మర్చిపోయాను సార్, పది నిమిషాల్లో తెస్తాను, మీరు మాత్రం ఇక్కణ్ణించి కదలకండి అని చెప్పి వచ్చి ఇప్పటికి పావుగంట. సీసా ఆమె సంచీలోనే ఉంది, నిండుగా. వచ్చినవాళ్ళని మాటులో ఒంటరిగా వదలకూడదన్నది గైడ్లకి మొదటి రోజే చెప్పే పాఠం. గూడున్న చెట్టు చుట్టూ ముప్ఫై అడుగుల దూరంలో కట్టిన పసుపురంగు తాడు ఎవరూ దాటకూడదన్నది రెండో పాఠం. తాడు ఆమె వీపు వెనక ఉంది. దాటకపోతే మాటు ముందు భాగం కనబడదు, కనబడకపోతే ఫోటో రాదు, ఫోటో లేకపోతే పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు. అయినా తాడు కట్టింది ఊళ్ళనుంచి సెలవులకొచ్చి అడవి చూసిపోయేవాళ్ళ కోసం గానీ నడక రాకముందే నాన్న భుజం మీద ఈ వాలంతా తిరిగిన తన కోసమా.

కొడవలి బల్ల మీదే పెట్టి వచ్చింది. దారిలో ముళ్ళు కొట్టడానికి తెచ్చుకునే కొడవలి, నిన్న సాయంత్రం ప్రత్యేకంగా పదును పెట్టింది. పొద్దున్న కూర్చునే చోటు చూపించినప్పుడు కూడా కావాలనే ఎడమ కిటికీ చూపించింది. కుడి కిటికీలోంచి చెట్టు తొర్ర చక్కగా కనబడుతుంది. ఎడమ కిటికీకీ తొర్రకీ మధ్య ఒక లేత కొమ్మ అడ్డం, సరిగ్గా తొర్ర మూతి దగ్గర రెండు ఆకులు ఊగుతూ ఉంటాయి, ఎంత పెద్ద కెమెరా అయినా ఏడవాల్సిందే. ఇంకేం కావాలి. కొమ్మ ఉంది, కొడవలి ఉంది, చూసేవాళ్ళు లేరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, మరి ఆ బుద్ధి ఇప్పుడెక్కడ నిద్రపోతోంది. లెయ్యి.

గైడ్లందరూ అతణ్ణి పెద్దకెమెరా అంటారు. నిన్న సాయంత్రం విడిదిలో భోజనాల గదిలో కుర్చీలన్నీ ఒక పక్కకి జరిపి, గోడకి దుప్పటి కట్టి, దాని మీద బొమ్మలు వేసి గంటన్నర ఉపన్యాసమిచ్చాడు. అడవి జంతువుల్ని బాధ్యతగా చూడ్డం ఎలా. ముందు వరసలో సెలవుల మీద వచ్చినవాళ్ళు, కొత్త పెళ్ళివాళ్ళు, టోపీలు కూడా తియ్యని ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు. ఆమె వెనక తలుపు దగ్గర నిలబడి వింది. దూరంగా ఉండండి, మెత్తగా మాట్లాడండి, తిండి చూపించి పిలవకండి, గూడెక్కడుందో నలుగురికీ చెప్పకండి, అన్నీ మంచి మాటలే, ఎవరు కాదంటారు. మేం చెప్పేవి ఈయన చెబితే ఫోటోలతో బావుంటాయి అని ఆమె పక్కనున్న గైడు నవ్వాడు కూడా. అప్పుడన్నాడు పెద్దకెమెరా, గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్నట్టు: "జంతువు మనల్ని చూసి తన పని ఆపేసిందంటే, మనం అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశామని అర్థం." హాలంతా తలలూపింది. ముసలి అక్కగారు పుస్తకం తీసి రాసుకుంది. ఆమె తలుపు వదిలి ఒక అడుగు ముందుకేసింది, ఎందుకంటే ఆ మాట నాన్నది. అక్షరం కూడా మారలేదు. అడవిలోకి తీసుకెళ్ళే ప్రతివాళ్ళకీ, దారి మొదట్లో ఆ వంకర చెట్టు దగ్గర ఆపి, చేతులు కట్టుకుని నాన్న చెప్పే మాట. దొంగిలించినవాడు మాటతో ఆగాడా. తర్వాతి బొమ్మ వేశాడు, మోడు వారిన ఒక కొమ్మ. "చాలా ఏళ్ళ కిందట ఒక గైడు, పాపం నన్ను సంతోషపెట్టాలని, తొర్రకి అడ్డమున్న కొమ్మ కొట్టేశాడు. మగపక్షి రెండు రోజులు గూటికి రాలేదు. లోపల ఉన్న తల్లి బతకలేదు. ఆ రోజు నాకు కళ్ళు తెరుచుకున్నాయి." ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు. కొత్త పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంది. దొంగే దొంగ దొంగ అని అరవడం విన్నాం గానీ, అరిచి చప్పట్లు కూడా కొట్టించుకోవడం ఆమె అప్పుడే చూసింది.

పాపం అన్నాడు. కొట్టినా బాగుండేది ఆ మాట కన్నా. ఆమె అక్కణ్ణించి నేరుగా బట్టలుతికే గదికి వెళ్ళింది. నాన్న ఇస్త్రీ బల్ల దగ్గరున్నాడు, అడవి వైపున్న కిటికీకి వీపు పెట్టి, తొమ్మిదేళ్ళుగా ఎలా నిలబడుతున్నాడో అలాగే. దుప్పట్లన్నీ అయిపోయి గదుల బట్టలు చేస్తున్నాడు. ఆకుపచ్చ చొక్కా. బొత్తాల చుట్టూ ఇస్త్రీపెట్టె ముక్కు తిప్పుతూ, ఒక్కో బొత్తానికి ఆగుతూ, కాలర్ తిరగేసి లోపలివైపు కూడా చేశాడు. "లోపలెవరు చూస్తారు నాన్నా" అంటే "తొడుక్కున్నవాడికి తెలుస్తుందమ్మా" అన్నాడు. ఎవరి చొక్కా అని అడిగితే ఆరో గది అన్నాడు, అంతే. తెలిసి చేశాడో తెలియక చేశాడో ఆమెకి అర్థం కాలేదు. నాన్న మొహం అలాంటిది, నీళ్ళు పోసి కడిగినట్టుంటుంది, ఏమీ అంటుకోదు. ఒకప్పుడు గైడ్లు ఆయన్ని చెవులాయన అనేవారు. రెండు వాలుల అవతల రెక్క కొట్టుకున్నా ఇది మగది, ఇది పండ్లతో వస్తోంది, ఇది ఉత్తినే వస్తోంది అని చెప్పేసేవాడు. ఇప్పుడా చెవులకి పొద్దస్తమానం బట్టల యంత్రం రొద తప్ప ఏమీ లేదు. అయినా ఏటా వానలు మొదలవగానే ఆమెని ఒక్కటే అడుగుతాడు, వాగు పక్క వాలులో ఈసారైనా గూడు పెట్టాయా అని. తన గురించి ఒక్కసారి అడగడు, పోయిన గైడు బిళ్ళ గురించి అడగడు, తన పేరు గీతకొట్టేసిన గైడ్ల బోర్డు గురించి అడగడు. గూడు పెట్టాయా. లేదు నాన్నా. ఊఁ. ఎనిమిదేళ్ళు ఇదే మాట. ఈ ఏడు పెట్టాయి నాన్నా అని చెప్పినరోజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కూర్చుండిపోయాడు, ఒక దిండుగలీబు కాలింది కూడా. ఆ గూడే ఇది. ఆ చెట్టే ఇది. ఆ గూటికి ఎదురుగానే ఆ దౌర్భాగ్యుణ్ణి తెచ్చి కూర్చోబెట్టింది తను.

తప్పా? తప్పయితే కానీ. ఆమె కాలి మడమ దగ్గర చల్లగా ఏదో పాకింది. జలగ. జలగలెక్కకుండా వేసుకునే మేజోళ్ళు ఉన్న ఒక్క జతా పొద్దున్న పెద్దకెమెరాకి ఇచ్చేసింది, అతిథి కదా. తాగనీ. కదిలితే ఆకులు చప్పుడవుతాయి. పదహారేళ్ళ వయసులో అడవి ఆఫీసు గది ముందు నిలబడి అయ్యా మా నాన్న కొట్టలేదు, ఆ కెమెరా ఆయన కళ్ళు తిరుగుతున్నాయంటే మా నాన్న వాగుకి నీళ్ళకి వెళ్ళాడు, వచ్చేసరికి కొమ్మ కింద పడుంది అని చెబుతుంటే, ఆఫీసరు కాగితం మీంచి తల ఎత్తకుండా చిన్నపిల్లవి నీకెందుకమ్మా అన్నాడు. చిన్నపిల్ల. అవును, కానీ వాలు మీద పడిన తల్లిపక్షిని చూసింది ఆ చిన్నపిల్లే. ఈ కొమ్ముముక్కు పక్షులు ఇలాంటివి, ఆడది తొర్రలోకి దూరి, మట్టితో తనకు తానే తలుపు మూసుకుంటుంది, ముక్కు మొన పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల దాని రెక్కల ఈకలన్నీ రాలిపోతాయి. గుడ్లు, పొదగడం, పిల్ల, అన్నీ ఆ చీకట్లోనే. బయటనుంచి మగది పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తేనే లోపలివాళ్ళకి తిండి. అది నమ్మకం కాదు, దానికింకే పేరు పెట్టాలో ఆమెకి తెలియదు. కొమ్మ పోయి తొర్ర మూతి ఎండకి బయటపడేసరికి మగది బెదిరిపోయింది. రెండు రోజులు దూరం నుంచే అరిచి వెళ్ళిపోయింది. మూడో పొద్దున తల్లి లోపల్నుంచి గోడ పగలగొట్టుకుని దూకింది, ఈకల్లేని రెక్కలతో. నాన్న దాన్ని చొక్కా విప్పి అందులో ఎత్తుకున్నాడు. మధ్యాహ్నం దాకా ప్రాణంతో ఉంది. ఆ వారమే పెద్దకెమెరా, అప్పటికింకా చిన్నకెమెరానే, ఆఫీసులో కాగితం మీద రాసిచ్చి పోయాడు, నా గైడు కొట్టాడు అని. ఆ కొమ్మ కొట్టాక, మగది మొదటిసారి వచ్చి దూరంగా వాలి రెక్కలు విప్పినప్పటి ఫోటోకి ఏదో పెద్ద బహుమతి వచ్చింది. ఈ విడిది గోడ మీదే ఉంది, గాజు చట్రంలో. దాని కిందనుంచే నాన్న రోజూ దుప్పట్ల బండి తోసుకుంటూ వెళ్తాడు.

నాన్నకి ఏం ఒరగకపోయినా ఒక్క పని జరిగింది. గైడ్లందరూ ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చున్నారు. ఇంకముందు ఒకరి తప్పు ఇంకొకరు రాయడానికి వీల్లేదన్నారు. మాటుకొక పుస్తకం పెట్టాలి. గైడు గానీ వచ్చినవాళ్ళు గానీ, తప్పు చేసినవాళ్ళే, అక్కడికక్కడ, తమ చేత్తో రాయాలి. పక్కనున్నవాళ్ళు సంతకం పెట్టాలి. రాసిన క్షణం నుంచీ ఆ రోజుకి చూడ్డం బంద్, కెమెరాలు మూసెయ్యాలి. గైడు తప్పయితే ఆ ఏడాదికి బిళ్ళ ఇచ్చెయ్యాలి. పేజీలకి అంకెలుంటాయి, చింపితే తెలుస్తుంది. ఆఫీసు ఒప్పుకుంది, విచారణలు తప్పుతాయి కదా, వాళ్ళకి పని తగ్గింది. నిన్న పెద్దకెమెరా ఆ పుస్తకాన్ని కూడా మెచ్చుకున్నాడు, ఇంత గొప్ప పద్ధతి ఇంకెక్కడా చూళ్ళేదని. ఎవడి మూలాన వచ్చిందో మెచ్చుకునేవాడికి తెలియదు మరి.

ఎనిమిదీ ముప్ఫై అయిదు. ఇంకా బొమ్మలాగే కూర్చున్నాడు. వేలితో మీట నొక్కడం కూడా లేదు. ఆమె ఆలోచన ఎంత సులువుగా ఉండిందంటే, నిద్రపట్టని రాత్రుళ్ళలో దాన్ని సినిమాలాగా చివరిదాకా చూసుకునేది. అతను లేస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, కొడవలి తీసుకుంటాడు, తాడు దాటుతాడు, టక్. కొమ్మ మీద చెయ్యి పడీపడకముందే ఫోటో. తను కేకేస్తుంది. కొమ్మకేమీ కాదు, పక్షికేమీ కాదు, ఆ ఫోటో మాత్రం సాయంత్రానికి దుప్పటి మీద పడుతుంది, ముసలి అక్కచెల్లెళ్ళ ముందు, కొత్త పెళ్ళికూతురి ముందు. ఏం సార్, ఇప్పుడు తెరవండి కళ్ళు. వంద గొడ్లని తిన్న రాబందు ఒక్క గాలివానకి కూలినట్టు కూలాలి. కూలి, ఆ గదిలోంచి బయటికి వెళ్తుంటే దుప్పట్ల బండి ఎదురవ్వాలి. ఆలోచిస్తేనే కడుపులో చల్లగా ఉండేది. ఇప్పుడు ఆ చల్లదనం లేదు, పైగా కాళ్ళు తిమ్మిరెక్కాయి.

దుప్పటి దులిపినట్టు పెద్ద చప్పుడు. తల ఎత్తకుండానే తెలిసింది, మగది. బరువుగా వస్తోంది, గొంతు సంచీ నిండా మేడిపండ్లు. చెవులాయన కూతురికి ఆ మాత్రం తెలియదూ. ఎదురు చెట్టు ఎండుకొమ్మ మీద వాలింది. నల్లటి ఒళ్ళు, పసుపు ముక్కు, ఆ ముక్కు మొన మీద ఒక పండు పట్టుకుని దొర్లిస్తూ కూర్చుంది. ఇప్పుడు దిగాలి. వాలడం, రెండు గెంతులు, తొర్ర అంచు, పండు, పండు, పండు, ఎప్పుడూ అంతే, నిమిషం కూడా పట్టదు. దిగలేదు. బెదిరింది, అంటే ఆ మాటులోవాడు కదులుతున్నాడు, లేవబోతున్నాడు. ఫోను పైకెత్తింది. తెర మీద ఆకుపచ్చ చొక్కా అక్కడే. పోనీ ఇంకో నిమిషం. ఇంకో నిమిషం. తొర్రలోంచి పిల్ల కీచుమంది. సందులోంచి తల్లి ముక్కు మొన బయటికొచ్చి, ఖాళీగా తెరుచుకుని, లోపలికి పోయింది. ఆకలి. ఏడింటికి ఒకసారి తిన్నాయి, ఎనిమిదింటికి తినాల్సింది. కానీ, ఓర్చుకోండి తల్లీ, ఆనాడు పోయిన మీ పక్షి బాకీ కూడా ఇదే, ఇంకాసేపు ఓర్చుకోండి అని ఆమె లోపలి పక్షికి చెప్పుకుంది. తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. మగది పండు దొర్లిస్తూనే ఉంది. పిల్ల అరుస్తూనే ఉంది. లెయ్యరా వెధవా, నీ వల్ల అవి పస్తుంటున్నాయి.

మడమ మీది జలగ బాగా మేసి ఉబ్బింది, ఆగలేక ఆమె వేలితో దాన్ని దొర్లించింది. ఎదురు చెట్టు మీద మగది రెండు గెంతులు పైకి పోయింది. ఆమె చెయ్యి ఆగింది. పక్షి ఆగింది. ఈ పక్షులు రెండు కళ్ళతో చూడవు, తల పక్కకి తిప్పి ఒక్క కంటితో చూస్తాయి. ఆ కన్ను మాటు వైపు లేదు. ఎర్రటి కన్ను, చుట్టూ నీలం చర్మం, అది వేరు వెనకనున్న ఆమె మీద ఉంది, వచ్చినప్పటినుంచీ ఆమె మీదే ఉంది. అలా ఉందని తెలుసుకోవడానికి ఆమెకి ఇంతసేపు పట్టింది. కాదు, అతన్ని చూస్తోందేమో అని చివరిసారి ఆశగా మాటు వైపు తిరిగింది. కెమెరా గొట్టం కూడా తొర్ర వైపు లేదు. దాని మీదనుంచి పెద్దకెమెరా నేరుగా ఆమెనే చూస్తున్నాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి కిందికి దించి, మెల్లగా వెనక్కి, వెనక్కి అని ఊపాడు. అది గైడ్లు అతిథులకి చేసే సైగ. నాన్న నేర్పిన సైగ.

సిగ్గు అనే మాట సరిపోదు. బతికుండగా చర్మం వలిచినట్టుంది. పొట్ట నేలకి ఆనించి, తడి ఆకుల మీద వెనక్కి వెనక్కి పాకి, తాడు కిందనుంచి దూరి, చుట్టూ తిరిగి మాటులోకి వచ్చేసరికి మోచేతులు దోక్కుపోయాయి. కొడవలి పెట్టినచోట లేదు, బల్ల కింద ఒక వారగా పెట్టి ఉంది, పదును గోడవైపు తిప్పి. కెమెరా కుడి కిటికీలోకి మారింది. అతను గుసగుసగా, కోపం లేకుండా అన్నాడు.

"అది పాతిక నిమిషాలు నోట్లో పండు పెట్టుకుని కూర్చుందమ్మా, నీ వల్ల."

"తెలుసు సార్."

"గైడువి, నువ్వే తాడు దాటితే ఎలా. సరే, అయిందేదో అయింది. నేనెవరికీ చెప్పను. పుస్తకంలో కూడా ఏమీ రాయొద్దు."

ఆ దయ చూడు. ఆమెకి ఒక్క క్షణం అది నిజం దయే అనిపించి ఇంకా ఒళ్ళు మండింది. వీడి చేత క్షమించబడటం కంటే వాగులో పడి చావడం మేలు. తర్వాత అతని వేళ్ళు చూసింది, కెమెరా మీట చుట్టూ బిగిసి ఉన్నాయి. రాస్తే చూడ్డం బంద్. అదీ సంగతి. పేపర్లలో వేసుకోవడానికి, పుస్తకం అట్ట మీద వేసుకోవడానికి, ఈ తొర్ర కోసం అతను సముద్రాలు దాటి వచ్చాడు. కొమ్మ కొట్టని బుద్ధి వచ్చిందేమో, అది నిజమే అయుండొచ్చు, మనుషులు మారరని ఎవరన్నారు. మారినవాడు మారినచోటు వరకే మారాడు. ఆమె మేకుకి వేలాడుతున్న తప్పుల పుస్తకం తీసి, ఖాళీ పేజీ తిప్పి, కలం తీసుకుంది. బిళ్ళ పోతుంది. రెండేళ్ళ బిళ్ళ, నాన్నది పోయాక ఇంట్లో మిగిలిన ఒక్క బిళ్ళ. తాడు లోపల యాభై నిమిషాలు ఉన్నాను, మగపక్షి పాతిక నిమిషాలు దిగలేదు, తల్లీ పిల్లా ఆకలితో ఉన్నాయి, అతిథిని కావాలని ఒంటరిగా వదిలాను, తప్పు నాది, గైడు. తేదీ, వేళ, సంతకం.

"ఎందుకమ్మా ఇప్పుడిది" అంటున్నాడు అతను, అంటుండగానే దుప్పటి దులిపినట్టు రెక్కల చప్పుడు. మగది దిగింది. ఎండ కూడా అప్పుడే పడింది, దెబ్బలాడినా దొరకని ఎండ. అతని చెయ్యి కెమెరా మీదికి పోయింది. ఆమె పుస్తకాన్ని గొట్టం ముందు పెట్టింది, అడ్డంగా.

"పుస్తకంలో పడ్డాక మూసెయ్యాలి సార్. నిన్న మీరే మెచ్చుకున్నారు."

అతను చెయ్యి దించాడు. దించడానికి ఎంత కష్టపడ్డాడో ఆమె చూసింది, చూసి తృప్తి పడింది, అబద్ధమెందుకు. ఇద్దరూ ఉత్త కళ్ళతో చూశారు. తొర్ర అంచున మగది, గొంతులోంచి ఒక్కో పండు పైకి తెచ్చుకుంటూ, సందులోకి అందిస్తూ. లోపలి ముక్కు మొన అందుకుంటోంది. ఆరు, ఏడు, పదకొండు. ఒక పండు జారి కింద పడింది, మగది దానికేసి చూసి వదిలేసింది. పిల్ల అరుపు ఆగింది. అతని గొంతులోంచి చిన్న మూలుగులాంటిది వచ్చింది. ఇలాంటి ఫోటో అతనికి మళ్ళీ దొరకదు, అది అతనికి తెలుసు, ఆ సంగతి ఆమెకి తెలుసని కూడా అతనికి తెలుసు.

పక్షి వెళ్ళిపోయాక ఆమె కలం అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడు మీది రాయండి సార్."

"నాదేముంది, నేను బయటికి కదల్లేదు కదా."

"ఇవాళ్టిది కాదు, తొమ్మిదేళ్ళ కిందటిది. మా నాన్నని చెవులాయన అనేవారు. నిన్న మీ చొక్కాకి ఇస్త్రీ చేసింది ఆయనే."

అతను తన మోచేతి మీది మడత చూసుకున్నాడు. బయట చినుకులు ఒకటొకటిగా రాలుతున్నాయి. ఆ మడతని బొటనవేలితో నొక్కుతూ, "ఆయన ఇక్కడే ఉన్నాడా" అన్నాడు, "నేను... ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ నాకే అది నిజమనిపించేది. ఇప్పుడు రాస్తే ఎవరికేం లాభం."

"సాయంత్రం మళ్ళీ మీ ఉపన్యాసం ఉంది కదా. మా నాన్నని ముందు వరసలో కూర్చోబెడతాను. కొమ్మ కథ ఆయన మొహం చూస్తూ చెప్పండి. చెప్పగలిగితే రాయకండి."

అతను ఆమె రాసింది చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత దాని కిందే, పెద్దపెద్ద అక్షరాలతో, బడిపిల్లాడిలా ఒత్తి ఒత్తి రాశాడు. ఆ రోజు కొమ్మ కొట్టింది నేను. గైడు నా కోసం నీళ్ళకి వెళ్ళాడు. ఆఫీసులో నేను రాసిచ్చింది అబద్ధం. సంతకం పెట్టి, పక్కన ఆమె తప్పుకి సాక్షిగా ఇంకో సంతకం పెట్టి, కెమెరాకి మూత బిగించుకుని, అప్పుడు తల పక్కకి తిప్పుకున్నాడు. ఏడ్చాడేమో, ఆమె చూడదలుచుకోలేదు. అతని ఏడుపు ఆమెకి అక్కర్లేదు, అక్షరాలు చాలు.

తొమ్మిదేళ్ళు. విడిదికి తిరిగొచ్చే దారంతా పుస్తకాన్ని చంకలో ఒత్తిపట్టుకుని నడిచింది. ఆఫీసులో మధ్యాహ్నానికి ఇవ్వాలి, ముందు నాన్న చూడాలి, మిగతా లోకమంతా తర్వాత. వెనక కెమెరా సంచీ మోసుకుంటూ అతను నడుస్తున్నాడు, జారుతున్నాడు, ఆమె చెయ్యివ్వలేదు. నడుస్తుంటే నవ్వొచ్చింది, ఆపుకుంది, మళ్ళీ నవ్వొచ్చింది. ఇంటి దగ్గర అమ్మకి చెప్పాలి. బోర్డు మీద పేరు మళ్ళీ రాయించాలి, కొత్త రంగుతో, గీత కనబడకుండా. గోడ మీద గాజు చట్రం దించాలి, దించడం నాన్న చేత్తోనే దించాలి. బట్టల గది తలుపు తోసేసరికి ఆవిరి మొహాన కొట్టింది. నాన్న దిండుగలీబుల దొంతర పక్కన నిలబడి ఉన్నాడు. కూతురి మోచేతులు చూశాడు, మడమ మీద కారిన రక్తం చూశాడు, ఏమైందమ్మా అనబోయాడు. ఆమె పుస్తకం తెరిచి ఇస్త్రీ బల్ల మీద పరిచింది. ఇక్కడ, ఇది చదువు నాన్నా. యంత్రం ఆపి, చేతులు తుడుచుకుని, ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. తప్పుల పుస్తకమని అట్ట చూసే గుర్తుపట్టాడు. పేజీ మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, పైనుంచి చదవడం మొదలుపెట్టాడు.

"పాతిక నిమిషాలా?" అన్నాడు.

"కింద, నాన్నా. కింద రాసింది చదువు."

ఆయన తల ఎత్తలేదు. "పిల్ల అరిచిందా?" అని అడిగాడు. వేలు మొదటి లైను మీదే ఉంది.